యుద్ధాల నడుమ పురుళ్లు, నోరు విప్పే వైద్యులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పురుడు పోసేవాళ్లకి వాక్ స్వాతంత్ర్యంతో పనేమిటి?

పురుడు పోయడంలో సగం పని చేతులదైతే సగం నోటిది. "ఇప్పుడు ముక్కు, ఇప్పుడు ఆగు" దగ్గర్నుంచి "ఇంతకంటే ఎక్కువ నెత్తురు పోతుంటే తెల్లారేదాకా చూడకుండా వచ్చెయ్" దాకా మంత్రసాని చెప్పే మాటే సగం వైద్యం. యుద్ధం వచ్చిపడ్డాక ఆ నోటిని రెండు వైపుల నుంచి మూయాలని చూస్తారు. ఎదురుగా ఉన్న ఆడమనిషికి ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో ఎక్కడో కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తారు. ఆ గదిలో చూసింది బయట చెబితే ఉద్యోగమో, వీసానో, ప్రాణమో పోతుంది.

రోగితో చెప్పే మాట ఒకటి, రోగుల గతి గురించి లోకంతో చెప్పే మాట ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే వాదనలు తెగవు. చట్టం మొదటిదానికి ఎంతో కొంత గొడుగు పట్టింది, రెండోదాన్ని వానలో వదిలేసింది. కింద చెప్పేవాటిలో చాలా భాగం ఈ తేడా గురించే.

యుద్ధం ఉన్నచోట కాన్పు చావులు నిజంగా అంత ఎక్కువా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి వేసిన అంచనా ప్రకారం 2023లో గర్భం వల్లా, కాన్పు వల్లా చనిపోయిన స్త్రీలు సుమారు 2,60,000 మంది. వాళ్లలో పదింట ఆరుగురు యుద్ధంలోనో, పాలన కుప్పకూలిన స్థితిలోనో ఉన్న దేశాలవాళ్లు. యుద్ధం నడుస్తున్న దేశాల్లో ప్రతి లక్ష జననాలకి దాదాపు 504 మంది తల్లులు పోతుంటే, ఈ రెండు బాధలూ లేని దేశాల్లో 99 మంది.

బాంబు పడి చనిపోయిన గర్భిణి ఈ లెక్కలోకి రాదు. ఇవన్నీ కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం, ఇన్ఫెక్షన్ లాంటి కారణాలు. మందూ, మనిషీ, బండీ వేళకి దొరికితే చాలావరకు ఆపగలిగేవి. ఉదాహరణకి రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. జనరేటర్‌కి డీజిల్ లేకపోతే ఫ్రిజ్ ఆగుతుంది, ఇంజెక్షన్ పనితనం తగ్గుతుంది. చూడటానికి సీసా మాత్రం మామూలుగానే ఉంటుంది. ఆ రాత్రి ఇంజెక్షన్ చేసినా నెత్తురు ఎందుకు ఆగలేదో చెప్పగలిగేది డ్యూటీలో ఉన్న నర్సు ఒక్కతే. ఆమె చెప్పకపోతే రికార్డులో "కాన్పులో మరణం" అని రెండు మాటలు మిగులుతాయి. డీజిల్ ట్యాంకర్‌ని ఆపినవాడి పేరు ఎక్కడా ఉండదు.

యుద్ధ చట్టాల్లో గర్భిణుల ఊసు ఉందా?

ఉంది, చాలామంది అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 16వ అధికరణం గాయపడినవాళ్లు, రోగులు, అశక్తుల పక్కనే గర్భిణుల్నీ పెట్టి ప్రత్యేక రక్షణ ఇవ్వాలంది. ముట్టడిలో చిక్కిన ఊళ్ల నుంచి కాన్పు కేసుల్ని బయటికి తరలించేందుకు ఇరుపక్షాలూ స్థానికంగా ఒప్పందం కుదుర్చుకోవడానికి ప్రయత్నించాలని 17వది చెబుతుంది. పౌర ఆస్పత్రుల మీద దాడి చెయ్యకూడదనే 18వది, ప్రసూతి ఆస్పత్రుల్ని అందులో చేర్చింది. గర్భిణులకీ బాలింతలకీ ఉద్దేశించిన ఆహారం, బలవర్ధక మందులు శత్రువు అదుపులోని ప్రాంతానికి వెళ్తున్నా సరే దారి ఇవ్వాలని 23వది అంటుంది, కొన్ని షరతులతో.

జెనీవా ఒప్పందాలకి అనుబంధంగా 1977లో వచ్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ ఇంకో అడుగు వేసింది. 'గాయపడినవారు', 'రోగులు' అనే మాటలకి నిర్వచనం ఇస్తూ అందులో కాన్పు కేసుల్నీ, అప్పుడే పుట్టిన పిల్లల్నీ కలిపేసింది. అంటే కాన్పుకి వచ్చిన స్త్రీకి, తూటా తగిలిన మనిషికి దక్కే రక్షణే దక్కుతుంది.

కాగితం మీద బాగానే ఉంది. 2020 మే 12న కాబూల్‌లోని దష్త్-ఎ-బర్చీ ప్రసూతి విభాగంలోకి సాయుధులు చొరబడి మంచాల మీదున్న వాళ్లని వరసపెట్టి కాల్చారు. చనిపోయినవాళ్లలో 16 మంది తల్లులు, ఒక మిడ్‌వైఫ్. ఆ విభాగాన్ని నడిపే ఎంఎస్ఎఫ్ ('సరిహద్దులు లేని వైద్యులు' అనే అంతర్జాతీయ సంస్థ) మరుసటి నెలలోనే అక్కణ్నుంచి తప్పుకుంది. సూడాన్‌లోని ఎల్ ఫాషర్‌లో సౌదీ ప్రసూతి ఆస్పత్రి మీద 2025 జనవరిలో డ్రోన్ దాడి జరిగి దాదాపు 70 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో ఊరు చేతులు మారాక అదే ఆస్పత్రిలో 460 మందికి పైగా రోగుల్ని, వాళ్ల తోడు వచ్చినవాళ్లని చంపేశారన్న సమాచారం అందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

డాక్టరు పత్రికలతో మాట్లాడితే అదే చట్టం కాపాడుతుందా?

ఇక్కడే చిక్కంతా. మొదటి ప్రోటోకాల్ 16వ అధికరణం మూడు సంగతులు చెబుతుంది. వైద్య ధర్మానికి లోబడి ఎవరికి వైద్యం చేసినా, ఆ చేసినందుకు శిక్షించకూడదు. ఆ ధర్మానికి విరుద్ధమైన పని చెయ్యమని బలవంతపెట్టకూడదు. రోగికో వాళ్ల కుటుంబానికో హాని కలిగించే సమాచారం ఇమ్మని ఒత్తిడి చెయ్యకూడదు, స్వపక్షపు చట్టం అడిగిన సందర్భాలు మినహా. దేశం లోపల జరిగే యుద్ధాలకి రెండో ప్రోటోకాల్ 10వ అధికరణం ఇలాంటిదే చెబుతుంది గానీ, జాతీయ చట్టానికి ఇంకా ఎక్కువ చోటిచ్చింది.

మళ్లీ చదవండి. వైద్యుడికి *నోరు మూసుకునే* హక్కు ఇందులో ఉంది. *నోరు తెరిచే* హక్కు ఎక్కడుంది? "మా వార్డు మీద గుండు పడింది", "మందులు రానివ్వడం లేదు" అని రేడియోలో చెప్పడం వైద్య కార్యకలాపం కిందికి వస్తుందని చట్టంలో స్పష్టంగా రాసిలేదు. వస్తుందని వాదించేవాళ్లున్నారు, నేనూ ఆ పక్షమే. కానీ వాదన వేరు, రాతకోత వేరు.

సాక్ష్యం చెప్పే వైద్యుడు ఇక పట్టుకోగలిగింది మామూలు మానవ హక్కుల చట్టాన్నే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 19వ అధికరణం సమాచారాన్ని వెతుక్కునే, అందుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. అందులోనే జాతీయ భద్రత, శాంతిభద్రతల పేరుతో ఆంక్షలకీ తావుంది. 4వ అధికరణం ప్రకారం దేశాన్నే ముంచే అత్యవసర పరిస్థితిలో ఈ హక్కుని కొంతకాలం పక్కన పెట్టొచ్చు కూడా. యుద్ధం అచ్చంగా అలాంటి పరిస్థితే. చాలా అవసరమైనప్పుడే ఊడిపోయే తాళం ఇది.

మాట్లాడినందుకు నిజంగా ఎవరైనా శిక్ష అనుభవించారా?

చాలామంది. నాలుగు ఉదంతాలు చెప్తాను, నాలుగూ నాలుగు రకాలు.

*శ్రీలంక, 2009.* వన్ని ప్రాంతంలో యుద్ధం చివరి నెలలు. విలేకరుల్ని అటు వెళ్లనివ్వలేదు. లోపల మిగిలిన కొద్దిమంది ప్రభుత్వ డాక్టర్లు ఫోన్లలో బీబీసీకీ, వార్తాసంస్థలకీ వార్డుల్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు. వాళ్లు జీతం తీసుకునేది ప్రభుత్వం దగ్గరే, పనిచేసేది ఎల్టీటీఈ పులుల అదుపులో ఉన్న నేల మీద. మే నెలలో బయటికి రాగానే నిర్బంధించారు. జులై 8న కొలంబోలో ఐదుగురు డాక్టర్లని విలేకరుల ముందు వరసగా కూర్చోబెట్టారు. తాము చెప్పిన మృతుల లెక్కలు పులుల ఒత్తిడితో పెంచి చెప్పినవని వాళ్లు అన్నారు. ఆగస్టులో బెయిలు దొరికింది. ఫోన్లో మాట్లాడినప్పుడు వెనక బాంబుల మోత వినిపించేది. విలేకరుల సమావేశం రోజున వాళ్లు ఇంకా కస్టడీలోనే ఉన్నారు. ఏ మాట ఎవరి ఒత్తిడితో వచ్చిందో ఎవరి అంచనా వాళ్లది. 2011లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం మాత్రం, ఆ చివరి దశలో చనిపోయిన పౌరుల సంఖ్య 40,000 దాకా ఉండొచ్చన్న అంచనాని కొట్టిపారెయ్యలేమంది.

*డార్ఫర్, 2005.* నాలుగున్నర నెలల్లో తమ క్లినిక్‌లకి వచ్చిన సుమారు 500 మంది అత్యాచార బాధితుల గురించి ఎంఎస్ఎఫ్ హాలండ్ మార్చిలో నివేదిక విడుదల చేసింది. మే నెలాఖరున సూడాన్ ప్రభుత్వం అక్కడి ఆ సంస్థ విభాగం అధిపతిని అరెస్టు చేసింది. రుజువుగా రోగుల కాగితాలు ఇమ్మని అడిగారు, ఆయన ఇవ్వలేదు. ఇస్తే ఆ స్త్రీలు ఎవరో తెలిసిపోతుంది. ఇవ్వకపోతే నివేదిక అబద్ధమని ప్రచారం చేస్తారు. అంతర్జాతీయంగా గోల జరిగాక జూన్‌లో కేసులు ఎత్తేశారు. ఒకే మనిషి, ఒకే వారంలో, లోకంతో మాట్లాడినందుకు నేరస్తుడయ్యాడు, రోగుల పేర్లు చెప్పనన్నందుకూ నేరస్తుడయ్యాడు.

*కాంగో, 2012.* బుకావులోని పాంజీ ఆస్పత్రిని గైనకాలజిస్టు డెనిస్ ముక్వెగె 1999లో మొదలుపెట్టింది కాన్పు చావులు తగ్గిద్దామని. మొదట వచ్చిన రోగే సైనికుల అత్యాచారానికి గురై ఛిద్రమైన మనిషి. ఆ తర్వాత వేల మంది. 2012 సెప్టెంబరులో ఆయన ఐక్యరాజ్యసమితిలో మాట్లాడుతూ ఈ హింసకి బాధ్యుల్ని వదిలేస్తున్న ప్రభుత్వాల్ని, తన ప్రభుత్వంతో సహా, నిలదీశారు. నెల తిరిగేసరికి సాయుధులు ఆయన ఇంటి మీద దాడి చేశారు. ఆయన మనిషి ఒకరు అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నారు. ముక్వెగె కుటుంబంతో దేశం విడిచారు. ఆయన్ని వెనక్కి రప్పించింది ఏ ప్రభుత్వమూ కాదు. అక్కడి ఆడవాళ్లు పైనాపిల్ పళ్లు, ఉల్లిపాయలు అమ్మి ఆయన విమానం టికెట్టు కోసం డబ్బు పోగుచేశారు. 2013 జనవరిలో తిరిగొచ్చారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి. బహుమతి సంగతి అందరూ చెప్తారు, ఉల్లిపాయల సంగతి ఎక్కువమంది చెప్పరు.

*గాజా, 2024.* కమల్ అద్వాన్ ఆస్పత్రి డైరెక్టరు, పిల్లల వైద్యుడు హుస్సామ్ అబూ సఫియా నెలల తరబడి వార్డుల నుంచే వీడియోలు పంపిస్తూ వచ్చారు. డిసెంబరు 27న ఇజ్రాయెల్ సైన్యం ఆస్పత్రిని ఖాళీ చేయించి ఆయన్ని అదుపులోకి తీసుకుంది. ఆస్పత్రిని హమాస్ వాడుకుందనీ, ఆయన మీదా ఆ అనుమానం ఉందనీ సైన్యం అంది. 'చట్టవిరుద్ధ పోరాటయోధుల' చట్టం కింద ఉంచారు. అభియోగం మోపకుండానే ఏళ్లూ పూళ్లూ పొడిగించగల చట్టం అది.

యుద్ధం చేస్తున్న దేశంలో, యుద్ధభూమికి దూరంగా ఉన్న డాక్టర్లకి ఇబ్బంది ఉండదు కదా?

ఉంటుంది. 2022 మార్చిలో రష్యా తన సైన్యం గురించి 'అబద్ధపు సమాచారం' ప్రచారం చెయ్యడాన్ని 15 ఏళ్ల దాకా జైలు పడే నేరంగా మార్చింది. మాస్కోలో పిల్లల డాక్టరు నదేజ్దా బుయనోవాకి 2024 నవంబరులో అయిదున్నరేళ్ల శిక్ష వేశారు. తన పరీక్ష గదిలో ఓ చనిపోయిన సైనికుడి కొడుకు ముందు యుద్ధం గురించి ఏదో అన్నారని ఆ పిల్లాడి తల్లి ఫిర్యాదు. అలా అనలేదని డాక్టరు చెప్పారు. వయసు 68. పిల్లాడికి మందు రాసే గదిలో అన్నట్టుగా చెప్పిన మాటకి అది.

గాగ్ రూల్ అంటున్నారే, అదేమిటి?

నోట్లో గుడ్డ కుక్కే నిబంధన అని మోటుగా అనుకోవచ్చు. అసలు పేరు మెక్సికో సిటీ విధానం. 1984లో రీగన్ ప్రభుత్వం అక్కడ జరిగిన జనాభా సదస్సులో ప్రకటించింది కాబట్టి ఆ పేరు. అమెరికా నిధులు పుచ్చుకునే విదేశీ స్వచ్ఛంద సంస్థ కుటుంబ నియంత్రణ పద్ధతిగా అబార్షన్ చెయ్యకూడదు, ప్రోత్సహించకూడదు, దాని గురించి సలహా ఇవ్వకూడదు, చట్టం సడలించమని అడగకూడదు. అమెరికా డబ్బుతోనే కాదు, సొంత డబ్బుతో కూడా. క్లింటన్ 1993లో ఎత్తేశారు, బుష్ 2001లో తెచ్చారు, ఒబామా 2009లో ఎత్తేశారు, ట్రంప్ 2017లో కుటుంబ నియంత్రణ నుంచి మొత్తం ప్రపంచ ఆరోగ్య సాయానికి విస్తరించి తెచ్చారు, బైడెన్ 2021లో ఎత్తేశారు, 2025 జనవరిలో మళ్లీ ట్రంప్ తెచ్చారు. వాషింగ్టన్‌లో కుర్చీ మారినప్పుడల్లా ఎక్కడో డేరాలో ఉన్న నర్సు నాలుక మీద తాళం పడుతూ, ఊడుతూ ఉంటుంది.

ఒక్క సంగతి దగ్గరగా చూస్తే దీని తీరు అర్థమవుతుంది. నిబంధన ప్రకారం అబార్షన్ ఎక్కడ చేస్తారో నర్సు తనంతట తాను చెప్పకూడదు. అయితే ఆ స్త్రీ గర్భవతి అయి ఉండి, చట్టబద్ధమైన అబార్షన్ చేయించుకోవాలని తాను *ముందే నిర్ణయించుకున్నట్టు స్పష్టంగా చెప్పి*, సురక్షితంగా ఎక్కడ చేస్తారని తానే అడిగితే అప్పుడు జవాబివ్వొచ్చు. పదిహేడేళ్ల పిల్ల, భాష సరిగా రాదు, పక్కన అత్తగారు. ఆ పిల్ల ఆ వాక్యాన్ని ఆ వరసలో పలకాలి. పలక్కపోతే నర్సుకి తెలిసిన సంగతి నర్సు దగ్గరే ఉండిపోవాలి.

యుద్ధ ప్రాంతాలకి మినహాయింపు ఉంది కదా?

2017 రూపంలో అత్యవసర మానవతా సాయానికీ, శరణార్థుల సాయానికీ మినహాయింపు ఉండేది. అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల వచ్చిన గర్భం, తల్లి ప్రాణానికి ముప్పు లాంటివాటిలో సలహాకి అడ్డు ఉండేది కాదు. అబార్షన్ వికటించి వచ్చినవాళ్లకి వైద్యం చెయ్యడానికీ అడ్డు ఉండేది కాదు. ఇవన్నీ నిజమే.

ఆచరణలో ఒకే సంస్థకి ఒక పద్దులో మానవతా సాయం, ఇంకో పద్దులో హెచ్ఐవీ నిధులు వస్తుంటాయి. ఏ గదిలో ఏ పద్దు నిబంధన వర్తిస్తుందో నర్సుకి ఎవరూ చెప్పరు. చెప్పినా అది వకీళ్ల భాష. ఎందుకొచ్చిన గొడవ అని మేనేజరు మొత్తానికి మాట్లాడొద్దంటాడు. నిబంధన ఎంత మేరకు కట్టడి చేసిందో భయం అంతకు రెట్టింపు చేస్తుంది.

దీనికి తోడు 1973 నాటి హెల్మ్స్ సవరణ ఉంది. అది ఏ అధ్యక్షుడు మారినా పోని చట్టం. అమెరికా విదేశీ సాయాన్ని 'కుటుంబ నియంత్రణ పద్ధతిగా' అబార్షన్‌కి వాడకూడదంటుంది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భం కుటుంబ నియంత్రణ ఎలా అవుతుందని ఎవరికైనా తోస్తుంది. అయినా దశాబ్దాలుగా దాన్ని పూర్తి నిషేధంలాగే అమలు చేస్తున్నారు. స్థానిక చట్టానికి లోబడి గర్భిణికి ఉన్న దారులన్నిటి గురించీ సమాచారం ఇవ్వడం తప్పు కాదని లేహీ సవరణ తర్వాత తేల్చి చెప్పింది. ఆ సవరణ సంగతి డేరాల దాకా చేరడమే అరుదు.

అత్యాచారానికి గురైన స్త్రీకి వైద్యులు ఏం చెప్పాలి?

గంటల లెక్కన పనిచేసే సంగతులు చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఆపే మాత్ర 120 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది. గర్భం వచ్చేస్తే ఏ దారులున్నాయి, అక్కడి చట్టం ఏమంటుంది, ఉంచుకుంటే ఏ సాయం దొరుకుతుంది. నిర్ణయం ఆమెది.

ఇందులో ఏ ముక్క దాచినా, తర్వాత చెప్పి లాభం ఉండదు. అయిదో రోజు దాటాక ఆ మాత్ర గురించి ఎంత స్వేచ్ఛగా మాట్లాడినా ఒకటే.

డార్ఫర్‌లో ఇంకో అడ్డంకి ఉండేది: ఫారం 8. బాధితురాలు ముందు పోలీసుల దగ్గరికెళ్లి ఆ కాగితం తెచ్చుకుంటేనే వైద్యం. 2005లో దాన్ని సడలించినా పోలీసులూ క్లినిక్‌లూ దాన్నే పట్టుకు వేలాడాయి. పెళ్లికాని స్త్రీ గర్భంతో కనబడితే వ్యభిచార నేరం మోపే చట్టం ఉన్నచోట, పోలీస్ స్టేషన్‌కి వెళ్లమనడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మిసోప్రోస్టాల్ పేరు ఎత్తడానికి ఎందుకంత జంకు?

ఒకే మాత్రకి రెండు పనులున్నాయి కాబట్టి. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఆక్సిటోసిన్ లేనిచోట కాన్పు కాగానే 600 మైక్రోగ్రాములు మింగిస్తే అధిక రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. కరెంటు లేని ఊరికి ఇంతకంటే అనువైనది లేదు. అదే మాత్ర అబార్షన్‌కీ పనికొస్తుంది. దాంతో కొన్నిచోట్ల దాని పేరు చెప్పడమే అనుమానాస్పదమైపోయింది. అబార్షన్ మీద మాట నొక్కితే నలిగేది అబార్షన్ ఒక్కటే కాదనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు కనబడలేదు.

ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోంది?

తీర్మానాలు చేస్తోంది. 2016 మే 3న భద్రతా మండలి 2286వ తీర్మానంతో యుద్ధాల్లో వైద్యం మీద దాడుల్ని ఏకగ్రీవంగా ఖండించింది. 2019 ఏప్రిల్‌లో లైంగిక హింస మీద 2467వ తీర్మానం వచ్చింది. ముసాయిదాలో 'లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం' అన్న మాటలుండేవి. అమెరికా వీటో బెదిరింపుతో వాటిని తీసేశాకే తీర్మానం గట్టెక్కింది. 2013 నాటి తీర్మానాల్లో ఉన్న మాటలే అవి. పల్లెటూరి మిడ్‌వైఫ్‌నే కాదు, భద్రతా మండలిని కూడా ఫలానా మాట అనొద్దనగలిగారన్నమాట.

వైద్యులు తటస్థంగా ఉండాలి కదా? మాట్లాడితే పక్షం వహించినట్టు కాదా?

ఈ తగువు వైద్యుల మధ్యే ఉంది. రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీ గోప్యతని పునాదిగా పెట్టుకుంది. చూసింది బయట చెప్పదు, తప్పు చేసినవాళ్లకే నేరుగా చెబుతుంది. అందుకు ప్రతిఫలంగా ఇంకెవరూ వెళ్లలేని జైళ్లలోకి కూడా వెళ్లగలుగుతుంది. ఈ గోప్యత ఎంత గట్టిదంటే, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నిబంధనలే దాని సిబ్బందిని సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకుండా రక్షణ ఇచ్చాయి. నైజీరియాలోని బియాఫ్రా యుద్ధంలో ఈ మౌనాన్ని భరించలేకపోయిన ఫ్రెంచి డాక్టర్లు కొందరు, విలేకరులతో కలిసి 1971లో ఎంఎస్ఎఫ్ పెట్టారు. వైద్యం చెయ్యడం, చూసింది చెప్పడం రెండూ తమ పనే అన్నారు. చెప్పినందుకు మూల్యమూ కట్టారు. 2021లో ఇథియోపియా టిగ్రాయ్ యుద్ధం మధ్యలో ఎంఎస్ఎఫ్ హాలండ్ విభాగాన్ని మూడు నెలలు సస్పెండ్ చేసింది. సోషల్ మీడియాలో తప్పుడు సమాచారం పెడుతున్నారన్నది ఒక ఆరోపణ.

రెండు పద్ధతులూ కావాలి. కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. రెడ్ క్రాస్ మౌనం తాను ఎంచుకున్నది. నర్సు మీద రుద్దిన మౌనాన్ని కూడా తటస్థత అని పిలిస్తే మాటకే అవమానం.

స్థానిక సిబ్బందికీ, విదేశీయులకీ ఒకటే ప్రమాదమా?

కాదు. విదేశీ డాక్టరుకి చాలాసార్లు వీసా రద్దుతో సరిపోతుంది. స్థానిక మిడ్‌వైఫ్‌కి ఇల్లు అక్కడే, పిల్లలు అక్కడే. నైజీరియాలోని రాన్‌లో 2018 మార్చిలో ఎత్తుకెళ్లిన రెడ్ క్రాస్ మిడ్‌వైఫ్‌లు ఇద్దరినీ అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో చంపేశారు. ఇద్దరూ ఇరవైల్లో ఉన్న నైజీరియా ఆడపిల్లలే. వాళ్లు ఏమీ మాట్లాడలేదు కూడా. పురుళ్లు పోశారంతే.

ఆడవాళ్లకి చదువే లేకపోతే?

మాట్లాడే నోరే తయారవ్వదు. 2024 డిసెంబరులో తాలిబాన్ స్త్రీలకి వైద్య శిక్షణ సంస్థల్లో చదువు ఆపేసింది. అందులో నర్సింగ్, మిడ్‌వైఫరీ కూడా ఉన్నాయి. మగ డాక్టరు ఆడవాళ్లని చూడటం మీద ఆంక్షలున్న దేశంలో ఇది.

వార్డులో ఫొటోలు తీసి పెట్టడం సరైనదేనా?

సులువైన జవాబు లేదు. నొప్పులు పడుతున్న మనిషి ఇచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. మొహం కనిపించకపోయినా గోడమీది బోర్డు, దుప్పటి రంగు, ఫైల్లో దాగున్న తేదీ, లొకేషన్ ఆమెని పట్టిస్తాయి. చిన్న ఊళ్లో "నిన్న కవలలు పుట్టిన బాలింత" అంటే ఇంకెవరు? అత్యాచార బాధితుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే నైతిక సూచనలు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనది, అక్కడికక్కడే వైద్యమూ ఆసరా ఇవ్వలేనప్పుడు వివరాలు అడగొద్దనడం.

ఇందులో ఒక మెలిక ఉంది. రోగి రహస్యం రోగిది. "రోగుల గోప్యత" పేరు చెప్పి ఆస్పత్రిలో మందుల్లేవన్న సంగతిని కూడా దాచమనే అధికారులున్నారు. మందుల అల్మారాకి గోప్యత హక్కు లేదు.

వైద్యులూ అబద్ధాలాడొచ్చు కదా?

ఆడొచ్చు. తెలియక ఎక్కువ చెప్పొచ్చు కూడా. అందుకే చూసింది, విన్నది, ఊహించింది విడివిడిగా చెప్పమంటారు. "నా టేబుల్ మీదికి వచ్చినవాళ్లు ఏడుగురు" అన్నది సాక్ష్యం. "ఊళ్లో వందలమంది" అన్నది వార్త.

కానీ నిజం చెప్పినవాళ్లకీ అదే గతి పడుతుంది. 2022 మార్చి 9న మారియుపోల్ ప్రసూతి ఆస్పత్రి మీద బాంబులు పడ్డాయి. స్ట్రెచర్ మీద చేతిని పొట్ట కింద పట్టుకున్న గర్భిణి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. రష్యా అధికారులు అక్కడ రోగులే లేరన్నారు, నటులన్నారు. తర్వాత తల్లీ బిడ్డా ఇద్దరూ చనిపోయారని అసోసియేటెడ్ ప్రెస్‌కి చెప్పింది ఆమెకి ఆపరేషన్ చేసిన వైద్యులు. వాళ్లు పెదవి విప్పకపోతే ఆమె నటిగానే మిగిలిపోయేది.

దాడుల లెక్క ఎవరు రాస్తున్నారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర్లో ఒక నిఘా వ్యవస్థ మొదలుపెట్టింది. దాడి జరిగిందని నమోదు చేస్తుంది గానీ, ఎవరు చేశారో రాయదు. యుద్ధాల్లో వైద్య రక్షణ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల కూటమి ఒకటి విడిగా లెక్క తీస్తుంది. 2024లో 3,600కి పైగా ఘటనలని తేల్చింది. రెండు లెక్కలూ నిలబడేది లోపలి నుంచి చెప్పేవాళ్ల మీదే.

బొత్తిగా మాట్లాడలేని స్థితిలో వైద్యులు ఏం చేస్తారు?

రాస్తారు. కాన్పుల రిజిస్టర్‌లో వేళ, బరువు, ఎంత నెత్తురు పోయింది, ఏ మందు 'లేదు' అన్నది ప్రతిరోజూ పొడి మాటల్లో రాసి ఉంచితే, పదేళ్ల తర్వాత కూడా అది మాట్లాడుతుంది. కొందరు చిత్రీకరిస్తారు. తైరా అన్న పేరుతో తెలిసిన ఉక్రెయిన్ పారామెడిక్ యూలియా పయెవ్స్కా మారియుపోల్ ముట్టడిలో ఒంటికి తగిలించుకున్న చిన్న కెమెరాతో తన బృందం చేసిన వైద్యమంతా రికార్డు చేసింది. గాయపడిన రష్యన్ సైనికులకి చేసిన వైద్యం కూడా అందులో ఉంది. 256 గిగాబైట్లు. ఊళ్లో మిగిలిన చివరి విలేకరుల చేతికి ఆ మెమరీ కార్డు ఇచ్చింది. మర్నాడు, 2022 మార్చి 16న, రష్యన్ బలగాలు ఆమెని పట్టుకున్నాయి. విలేకరులు ఆ కార్డుని ఒక టాంపాన్‌లో దాచి పదిహేను చెక్‌పోస్టులు దాటించారు. సైనికులు ఫోన్లు వెతికారు, సంచులు వెతికారు. నెలసరికి వాడే దాన్ని ముట్టుకోలేదు. మూడు నెలల తర్వాత, జూన్ 17న, ఆమెని వదిలారు.